ముక్కల డబ్బా తూకానికెక్కిన రోజు

ముందుగా ఒక మాట. ఈ సీరియల్ మొదలై పదహారు వారాలైంది. ఈ పదహారు వారాల్లో నేను కల్పించి రాసింది ఆవగింజంత కూడా లేదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను. నమ్మనివాళ్ళు వచ్చి నా ఎదురుగా కూర్చుని అడగవచ్చు. కళ్ళార్పకుండా ఇదే మాట చెబుతాను.

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తుందా? లేకపోతే వినండి. వీధి మలుపులో బేకరీ, దాని వెనక పొయ్యి గది, ఆ గదికి రాజులాంటివాడు పెద్దమేస్త్రి. యాభై ఏళ్ళుగా ఆ పొయ్యి ముందు నిలబడి మీసాల చివర్లు కూడా గోధుమ రంగుకి కాల్చుకున్నవాడు. కొడుకు ముందు కొట్లో కౌంటరు చూసుకుంటాడు. కోడలు కేకుల మీద క్రీము పూలు పూయిస్తుంది. వీళ్ళ ముగ్గురికీ కలిపి ఒకే ఒక్క పిల్ల, పదిహేనేళ్ళది. పిండిలో ఉప్పు ఒక్క కల్లు ఎక్కువైనా నాలుక మీదే పట్టేస్తుందని తాత ఆ పిల్లకి పెట్టిన పేరు ఉప్పుకల్లు.

స్కూలు నర్సు ఆ పిల్లని తూచి, ఎత్తు కొలిచి, ఉండాల్సిన దానికన్నా బరువు బాగా ఎక్కువుందని కాగితం రాసి పంపింది. తండ్రి ఆ కాగితం నాలుగుసార్లు చదివి, "దీన్ని మా అక్కయ్య ఇంటికి పంపించేస్తున్నా. అక్కడ పొయ్యి లేదు, బన్నుల్లేవు. అక్కడి స్కూల్లోనే చదువుకుంటుంది" అని తేల్చేశాడు. తాత తరవాత ఆ పొయ్యి తనే అందుకోవాలని నడక వచ్చినప్పటి నుంచీ అనుకుంటున్న పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. "ఒక్క వారం ఆగు నాన్నా" అంది, అంతే.

ఆ వారం ఇవాళ్టితో సరి.

పొద్దున పదకొండింటికి మధ్యాహ్నపు రొట్టెకి పిండి కలుపుతున్నారు. పిల్ల మోచేతుల దాకా పిండిలో ఉంది. తాత పక్కన నిలబడి మీసం దువ్వుకుంటూ పర్యవేక్షిస్తున్నాడు. పర్యవేక్షించడమంటే, చేసేవాళ్ళకి అడ్డంగా నిలబడడం.

ఆ బేకరీలో మైదా తూస్తారు, చక్కెర తూస్తారు, వెన్న తూస్తారు. ఒక్కో రొట్టెకి ఎంత ముద్ద తీయాలో అదీ తూస్తారు. ఉప్పు మాత్రం తూచరు. "ఉప్పు కూడా తూచుకోవాలా? ఈ చేతులేమైనా అద్దెకి తెచ్చుకున్నానా?" అంటాడు పెద్దమేస్త్రి. చేత్తో వేయడం, కలిపాక చిటికెడు పిండి తుంచి నాలుక మీద పెట్టుకుని చూడడం, తక్కువైతే ఇంకాస్త వేయడం, అదీ ఆ ఇంటి పద్ధతి. "నా నాలుక తప్పిన రోజున ఈ గది తాళం మా వాడి చేతిలో పెట్టేస్తా. మళ్ళీ ఈ గడప తొక్కను" అని ఆయన కనీసం నెలకొకసారి ప్రకటించేవాడు. ఇంట్లో అందరికీ ఆ ప్రకటన కంఠతా వచ్చు.

మూడేళ్ళుగా ఆ చిటికెడు పిండి మనవరాలి నోటికే వెళ్తోంది. ఒక్క పిండే కాదు. బిస్కెట్ల వాయి దిగితే ఒకటి, రస్కుల వాయి దిగితే ఒకటి, క్రీము గిలక్కొడితే ఒక చెంచా.

"ఉప్పుకల్లూ, చూడవే" అన్నాడు తాత, పిండి తుంచి చేయి చాపి.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇవాళ్టి నుంచి పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంటే తప్ప ఏదీ నోట్లో వేసుకోను తాతా. ఈసారికి నువ్వే చూడు."

చాపిన చేయి గాలిలో అలాగే ఉండిపోయింది. తరవాత తాత అవసరానికి మించి గట్టిగా నవ్వాడు. "నువ్వు పుట్టకముందు ముప్పై అయిదేళ్ళు ఎవరు చూశారనుకున్నావే? నీ సర్టిఫికెట్టు లేకుండా జనం రొట్టె తినలేదా?" చిటికెడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, సంగీతం వింటున్నవాడిలా తల ఊపాడు. "బ్రహ్మాండం. పక్కన పెట్టి గుడ్డ కప్పెయ్."

పిల్ల ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. కానీ అప్పుడు ఆమె బుర్రంతా అటక మీద దాచిన డబ్బా దగ్గరే ఉంది.

మధ్యాహ్నం మూడింటికి కొట్టు గంటసేపు మూస్తారు. రొట్టెలు పొయ్యిలో ఉన్నాయి. పిండి పిసికే పెద్ద బల్లని పిల్ల తుడిచి, నలుగురికీ నాలుగు స్టూళ్ళు వేసింది. అయిదో స్టూలు పిల్లిది. ఈ పిల్లి సంగతి ఇంతకుముందు చెప్పలేదు కదూ? బూడిద రంగు పిల్లి. ఆ ఇంట్లో వేళకి వచ్చి, తన గిన్నె ముందు కుదురుగా కూర్చుని, కడుపు నిండగానే మిగిలినది వదిలేసి లేచిపోయే ప్రాణి అదొక్కటే. మూతి తుడుచుకోవడం కూడా మరిచిపోదు.

గుమ్మం పక్కన పిల్ల పెట్టె సర్ది ఉంది. తండ్రి దాని వంక చూడకుండా దాటి వచ్చి కూర్చున్నాడు. తల్లి మణికట్టు మీద గులాబీ రంగు క్రీము అంటుకుని ఉంది.

"చెప్పు తల్లీ, బస్సు అయిదింటికి" అన్నాడు తండ్రి.

పిల్ల అటక మీంచి రెండు రస్కుల డబ్బాలు దించింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు. ఒకటి ఖాళీ, ఒకటి నిండుగా ఉంది. ఖాళీదాన్ని పిండి త్రాసు ఎడమ తట్టలో పెట్టి, నిండుదాన్ని పట్టుకుని నిలబడింది.

ఇక్కడ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అక్కడ సరుకు చెక్కుచెదరకుండా ఉంటేనే అమ్మకానికి వెళ్తుంది. విరిగింది, మాడింది, వంకరపోయింది అంతా ముక్కల డబ్బాలోకి పోతుంది. ముక్కల డబ్బా ఇంటివాళ్ళది. అందులోంచి ఎవరైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు, అడిగేవాడు లేడు. అణువణువూ తూచే ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తూకానికి ఎక్కించనిది ఉప్పు తరవాత ఆ డబ్బానే.

"ఈ వారమంతా నేను నోట్లో వేసుకున్న ప్రతి ముక్కకీ సరిగ్గా అంతే ముక్క ఇంకోటి తీసి ఇందులో వేశాను" అంది పిల్ల. "భోజనానికి కూర్చుని తిన్నది కాదు. నడుస్తూ, నిలబడి, చదువుకుంటూ తిన్నది ఒక్కటే. ఎంతుంటుందో చెప్పండి."

"తిండి డబ్బాలో పోసి ఎండబెట్టావా!" పెద్దమేస్త్రి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"వృథా కాదులే తాతా. మరపట్టించి పొడి చేస్తే కేకు అడుక్కి వస్తుంది. ముందు బరువు చెప్పు."

ముందు తల్లి చెప్పింది. "పావుకిలో ఉంటుందేమో. నువ్వసలు తినేదేముందే, పిచ్చుక తిన్నట్టు తింటావు."

"అరకిలో" అన్నాడు తండ్రి.

పెద్దమేస్త్రి డబ్బాని ముట్టుకోకుండా ఒక కన్ను మూసి చూశాడు. "ముప్పావు కిలో. ఒక్క గ్రాము అటూ ఇటూ అయితే నా మీసం గొరిగించుకుంటా."

పిల్ల నిండు డబ్బాని కుడి తట్టలో పెట్టింది. తట్ట దబ్బున కిందికి దిగింది. ఎడమ పక్క కిలో రాయి వేసింది. కుడి తట్ట కదలలేదు. రెండో కిలో రాయి వేసింది. అప్పుడు తట్ట మెల్లగా పైకి లేచి, కొంచెం ఎక్కువే లేచింది. పిల్ల ట్రే మీంచి ఒక్క బన్ను తీసి డబ్బా మీద పెట్టింది. ముల్లు సరిగ్గా నడిమికి వచ్చి నిలిచింది.

"రెండు కిలోలకి ఒక్క బన్ను తక్కువ" అంది పిల్ల. "అదీ ఎండిపోయాక. పచ్చిగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే."

పిల్లి స్టూలు దిగి వెళ్ళిపోయింది. ఇలాంటి ఇంట్లో ఉండడం దానికి నామోషీగా తోచి ఉంటుంది.

"ఆ త్రాసు పాడైంది" అన్నాడు పెద్దమేస్త్రి.

"పొద్దున్న మైదా దీంతోనే తూచాం నాన్నా" అన్నాడు కొడుకు. "మీసం సంగతి తరవాత చూద్దాం."

పిల్ల డబ్బాని బల్ల మీద కుమ్మరించింది. రొట్టె ముద్దలు తీసే చేతులతో చకచకా ఏరుతూ నాలుగు కుప్పలు పెట్టింది.

మొదటి కుప్ప తండ్రి ముందుకి జరిపింది. అన్నీ కేకు అంచులు. "మార్కులొస్తే మెచ్చుకుంటూ ఒకటి. మార్కులు రాకపోతే ఓదారుస్తూ ఒకటి. పరీక్షలే లేని రోజున, పాపం ఇవాళ పరీక్షల్లేవని ఒకటి."

తండ్రి నవ్వబోయి, కుప్ప ఎత్తు చూసి ఆపుకున్నాడు.

రెండోది తల్లి ముందుకి జరిపింది. అవి రస్కులు. "నేను మూతి ముడుచుకుని కూర్చుంటే అమ్మ ఏమైందని అడగదు. రస్కు తెచ్చి చేతిలో పెడుతుంది. నాకూ అదే నయం అనిపిస్తుంది. చెప్పాల్సిన పని తప్పుతుంది కదా." తల్లి కళ్ళు దించుకుని మణికట్టు మీది క్రీముని గోటితో గీకింది.

"ఇదిగో, ఇది నాది." మూడో కుప్ప అన్నిటికన్నా పెద్దది. పిల్ల దాన్ని దాచకుండా బల్ల మధ్యలోకి లాగింది. "ఇది ఎవరూ పెట్టలేదు. ఆకలేసి తిన్నదీ కాదు. పొద్దున్న పొయ్యి హడావుడిలో ఏమీ తినకుండా స్కూలుకి పోతాను. సాయంత్రం వచ్చి, పుస్తకం ముందు ముక్కల డబ్బా పెట్టుకుని కూర్చుంటాను. పేజీ తిప్పినప్పుడల్లా చెయ్యి డబ్బాలోకి పోతుంది. లెక్కల పుస్తకమైతే పేజీ తిప్పకపోయినా పోతుంది. ఎప్పుడు కడుపు నిండిందో నాకే తెలియదు. నర్సు అదే చెప్పింది నాన్నా. నీ ఒంటిని తిట్టుకోకు, ఏం తింటున్నావో, ఎప్పుడు తింటున్నావో, ఆకలేసి తింటున్నావో ఊరికే తింటున్నావో ఒక్క వారం చూసుకో అంది. చూసుకున్నాను."

నాలుగో కుప్ప తాతది. రుచి చూడమని ఇచ్చినవే చాలా, మిగిలినవి విరిగిన బిస్కెట్లు.

"విరిగినవి విరుగుతాయి మరి. పొయ్యి చేసే పని అది" అన్నాడు పెద్దమేస్త్రి, పైకప్పు వంక చూస్తూ.

తండ్రి ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇంకోటి తీసి దాని పక్కన పెట్టాడు. తరవాత ఇంకో రెండు. కౌంటరు మనిషైనా, ఆ పొయ్యి ముందు పుట్టి పెరిగినవాడే.

"నాన్నా, పొయ్యిలో విరిగిన బిస్కెట్టు అంచు దగ్గర పెళుసుగా రాలుతుంది. ఇవన్నీ నడిమికి నిలువునా విరిగాయి. ట్రే అంచు మీద పెట్టి కొడితేనే ఇలా విరుగుతుంది."

పొయ్యి లోపల ఇటుకలు చిటపటమన్నాయి.

"సరుకు చెక్కుచెదరకూడదని పాఠం చెప్పి నన్ను పెంచింది నువ్వే కదా నాన్నా?"

పెద్దమేస్త్రి మీసం ఒక పక్క వణికింది. "దీనికి మూడేళ్ళు. రోజూ పొయ్యి దగ్గరికొచ్చి చెయ్యి చాచేది. ఒకరోజు ఏదీ విరగలేదు. ఇది ఏడ్చింది. నువ్వేమో, విరగనిది ఇవ్వకు నాన్నా అన్నావు. అప్పుడు విరగ్గొట్టా." మీసం సర్దుకున్నాడు. "రోజుకి రెండే. పన్నెండేళ్ళుగా."

"మావయ్యగారూ!" అంది కోడలు. అందులో కోపమెంతో నవ్వెంతో ఎవరూ తూచలేరు.

పిల్ల తాతని చూసి చిన్నగా నవ్వి, తండ్రి వైపు తిరిగింది. "ఇంకో సంగతి నాన్నా. పోయిన నెల కౌంటరు దగ్గర ఒకాయన అన్నాడు, మీ బేకరీకి బోర్డెందుకండీ, మీ అమ్మాయిని నిలబెడితే చాలదా అని. నేను బస్తాల వెనకే ఉన్నాను."

తండ్రి ముఖం పాలిపోయింది. "విన్నావా."

"ఆయన నవ్వడం విన్నాను. నువ్వు నవ్వకపోవడం కూడా వినపడింది. ఆ రోజు నుంచే నువ్వు నన్ను పంపాలనుకుంటున్నావు. సిగ్గుపడి కాదు, ఎవరైనా ఇంకోసారి అంటే భరించలేక. నాకు తెలుసు." పిల్ల లేచి నిలబడింది. "నా ఒళ్ళంటే నాకు చిన్నతనం లేదు నాన్నా. పాతిక కిలోల మైదా బస్తా నేను ఎత్తి భుజాన వేసుకుంటే, నువ్వు తలుపు తీసి పట్టుకుంటావు. ఈ పొయ్యి ముందు ఇంకో యాభై ఏళ్ళు నిలబడాలి నేను. అందుకే ఈ ఒంటిని బాగా చూసుకోవాలనుకుంటున్నా. అత్త ఇంట్లో పొయ్యి లేదు, నిజమే. కానీ ఈ చెయ్యి నాతోపాటే వస్తుంది కదా? అక్కడా పుస్తకం ఉంటుంది, అక్కడా ఏదో ఒక డబ్బా ఉంటుంది. మారాల్సింది ఇల్లు కాదు, తినే తీరు. నా ఒక్కదానిదే కాదు, మన నలుగురిదీ. పొద్దున్న మొదటి వాయి దిగాక అందరం కూర్చుని, పళ్ళేలు పెట్టుకుని తిందాం. ముక్కల డబ్బా ఇంట్లోకి రాదు. మూతి ముడుచుకుంటే, అమ్మా, ఏమైందని అడుగు. విసుక్కుంటాను. అయినా అడుగు."

తండ్రి లేచి, గుమ్మం దగ్గర ఉన్న పెట్టె తీసుకుని, వీధిలోకి కాదు, లోపలి గదిలోకి తీసుకెళ్ళి పెట్టి వచ్చాడు.

"తూకం ముందు అబద్ధం ఆడకూడదని మా నాన్న నాకు నేర్పాడు. నీకెవరు నేర్పారే?"

"ఆయనే."

పెద్దమేస్త్రి ఛాతీ మైదా పిండిలా పొంగింది. అప్పటిదాకా దొంగలా కూర్చున్నవాడు ఒక్కసారిగా న్యాయమూర్తి అయిపోయాడు. "మరేమనుకున్నార్రా! నా మనవరాలు!"

"మూడు నెలలయ్యాక మళ్ళీ నర్సుకి చూపిద్దాం" అన్నాడు తండ్రి. "ఒక్క షరతు. ఇకమీదట రుచి చూసే పని దీనిది కాదు. ఉప్పు, తీపి అన్నీ నువ్వే చూసుకోవాలి నాన్నా. ఈ కొట్టు పేరంతా నీ నాలుక మీదే ఉంది."

"దానికేం భాగ్యం" అన్నాడు పెద్దమేస్త్రి. కానీ ఈసారి నవ్వలేదు. "రొట్టె తీద్దాం పదండి."

రొట్టెలు బయటికొచ్చాయి. మామూలు కన్నా ఎక్కువ పొంగాయి. పైపొర మాత్రం రోజులా ఎర్రగా లేదు, కాస్త తెల్లబోయినట్టుంది. పిల్ల అది గమనించింది. తాత గమనించలేదు. "చూశారా ఆ పొంగు!" అంటూ అందరికీ చూపించాడు. కాస్త ఆరాక ఒకదాన్ని కోసి, ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి నాలుగు పళ్ళేల్లో పెట్టారు. నలుగురూ కూర్చున్నారు.

పిల్ల మొదటి ముక్క కొరికింది. ఆగిపోయింది.

దూది నమిలినట్టుంది. ఉప్పు తక్కువ కాదు, అసలు లేదు. పొద్దున్న డబ్బా ధ్యాసలో తను చూడలేదు, బస్సు బెంగలో తాత వేయడం మరిచిపోయాడు. మరుపు ఎవరికైనా వస్తుంది. ఆ మరుపుని పట్టుకోవడానికే కదా చిటికెడు పిండి నాలుక మీద పెట్టుకునేది? తాత పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బ్రహ్మాండం అన్నాడు.

ఆమె తల తిప్పి చూసింది. పెద్దమేస్త్రి అదే రొట్టెని కళ్ళు మూసుకుని తృప్తిగా నములుతున్నాడు. "ఆహా. ఉప్పు చూడండి, ఎంత సమంగా పడిందో. తూచి వేసినా ఇంత కుదరదు."

మూడేళ్ళు. రోజుకి పది పదకొండుసార్లు చూడవే, చూడవే అంటూ తన నోటికి అందించిన ముక్కలన్నీ పిల్ల కళ్ళ ముందు వరసగా కదిలాయి. అంత అనుభవమున్న మేస్త్రికి పన్నెండేళ్ళ పిల్ల నాలుకతో ఏం పని పడింది అని అప్పుడు ఎవరూ ఎందుకు అడగలేదు? గర్వంగా ఉండేది కాబట్టి తనూ అడగలేదు.

తండ్రి రొట్టెముక్కని నోటి దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

పిల్ల చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది. "ఆగు నాన్నా."

"ఏమైందే?"

పెద్దమేస్త్రి కళ్ళు తెరిచాడు. మనవరాలి ముఖం చూశాడు. నమలడం ఆపేశాడు. బల్ల కింద, పిండి అంటిన ఆయన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి, పిల్ల రెండో చేతిని గట్టిగా పట్టుకుంది. ఒక చేతిలో తండ్రి మణికట్టు, ఒక చేతిలో తాత వేళ్ళు. ఎదుట, రాళ్ళున్న పక్కకి ఒరిగి ఉన్న త్రాసు.

"ఏమైందో చెప్పవే" అంది తల్లి. అడగమన్నది పిల్లే కదా మరి.

ఆమె నోరు తెరిచింది.

సరిగ్గా ఇక్కడ నేను కలం పక్కన పెడుతున్నాను. పెట్టేముందు, మొదట్లో కొట్టిన గొప్ప కాస్త దించుకోవాలి. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఎప్పుడూ లేదు. అయిదో స్టూలూ లేదు. అంతమందిలో పద్ధతిగా కూర్చుని తినే ప్రాణి ఒక్కటైనా ఉంటే బాగుంటుందనిపించి, నేనే తెచ్చి కూర్చోబెట్టాను. కళ్ళార్పకుండా చెబుతానన్నాను కదా, ఇదిగో, ఆర్పాను. పిల్లిని తీసేసి మళ్ళీ చదువుకోండి.

ఆ రొట్టెలో ఉప్పు మాత్రం నేను తీసేసింది కాదు. నిజంగానే లేదు.